రామసుబ్బమ్మ చదివిన యుద్ధం

శివరాత్రి దాటితే ఆ పల్లెలో చేలల్లో చేయడానికి ఏమీ మిగలదు. ఆ ఏడు అసలు మొదటినుంచే ఏమీ లేదు. శెనక్కాయ వేసినవాళ్లకు పశువుల మేతకైనా ఎండుతీగె చేతికి రాలేదు. ఆడవాళ్లకు మిగిలింది ఊరి బయట రేకుల కొట్టంలో చింతపండు పని ఒక్కటే. హిందూపురం మార్కెట్టుకు పోయే సరుకది. పెంకు ఒలిచి, నార లాగి, రాతిమీద పెట్టి కట్టెతో ఒక దెబ్బ వేస్తే గింజ బయటికి దూకుతుంది. పొద్దున వచ్చిన దగ్గరినుంచీ పొద్దుగూకేదాకా అదే దెబ్బ. పులుపుకు వేళ్ల సందులు పగిలి, ఇంటికి పోయి అన్నం కలుపుకుంటే చురుక్కుమంటుంది. ఎవరెంత పండు తీస్తే అంత కూలి.

ఆ కొట్టంలో వాకిలి పక్కన వెలుతురు పడే చోటు రామసుబ్బమ్మది. ఆ చోట ఇంకెవరూ కూర్చోరు. ఎందుకంటే పేపరు చదివేది ఆమె.

రామసుబ్బమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఆపైన బడి ఊళ్లో లేదు, పంపేవాళ్లు ఇంట్లో లేరు. మొగుడు పోయి పదేళ్లయింది. ఎవరింట్లో పొయ్యిమీద ఏం ఉడుకుతోంది, ఎవరి కోడలు పుట్టింటికి ఎందుకు పోయింది, ఢిల్లీలో ఎవరు దిగి ఎవరెక్కారు, ఇవన్నీ ఆమెకు ఒక్కటే. తెలుసుకోకపోతే అన్నం సయించదు. పేపరు మొదటి బస్సులో ఆదెప్ప అంగడికి వస్తుంది. ఆదెప్పది టీ అంగడి, అందులోనే ఒక మూల ఫోను డబ్బా. మగవాళ్లంతా చదివి, దానిమీదే బోండాలు తిని వదిలిపెట్టాక, మధ్యాహ్నానికి నూనె మరకలతో అది రామసుబ్బమ్మ చేతికి వస్తుంది.

చదివేంతసేపూ ఆమె చేతికట్టె ఆగిపోతుంది గదా. అందుకని ఆడవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. చదవడం అయిపోగానే తలా ఒక పిడికిలి గింజ తీసిన పండు ఆమె బుట్టలో వేస్తారు. ఎవరూ అడగరు, ఎవరూ ఎగ్గొట్టరు.

పిడికిలి అందరిదీ ఒకటే, కానీ అన్ని రోజులూ ఒకటి కాదు. రామసుబ్బమ్మకు ఆ సంగతి నాలుగేళ్ల కిందట తెలిసింది. ఉత్తరాన మంచుకొండల మీద యుద్ధం జరిగిన వేసవి అది. అంతకుముందు కరెంటు కోతలూ, విత్తనాల పంపిణీ వాయిదాలూ చదివితే బుట్టలో పడే పిడికిళ్లు సన్నగా ఉండేవి. యుద్ధం చదివిన రోజున వేళ్ల మధ్యనుంచి కారిపోయేటంత నిండుగా పడ్డాయి. రామసుబ్బమ్మ దొంగ కాదు. కానీ బుట్ట బరువు చేతికి తెలుస్తుంది. ఒకరోజు పేపర్లో పేరు మాత్రమే రాసిన సిపాయికి ఆమె నోట్లో కడుపుతో ఉన్న పెళ్లాం పుట్టుకొచ్చింది. మరునాడు ఆ పెళ్లానికి కళ్లు కనపడని అత్త. కొట్టమంతా ముక్కులు చీదింది. ఆ రోజు ఆమె బుట్ట అందరికంటే ముందు నిండింది.

ఆ అలవాటు అక్కడ మొదలై ఈ ఏటి దాకా నడిచింది. ఈ ఏడు యుద్ధం కొండల మీద కాదు, ఇరాకులో. ఇరాకు పక్కన కువైటు. కువైటులో వనజాక్షి.

వనజాక్షి ఆంజినమ్మ కూతురు. ఆంజినమ్మ రామసుబ్బమ్మకు వరసకు వదిన. మొగుడు వదిలేసి బెంగళూరులో ఇంకో కాపురం పెట్టాక, ఉన్న ఒక్క బోరూ ఎండిపోయాక, వనజాక్షి ఒక సేటు ఇంట్లో పనికని కువైటు పోయింది. రెండేళ్ల ఒప్పందం. ఇంకా నాలుగు నెలలుంది. నెలనెలా మొదటి శుక్రవారం ఆదెప్ప అంగడికి ఫోను చేస్తుంది. ఆ రోజు ఆంజినమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని పోయి ఫోను ముందు కూర్చుంటుంది, కూతురు తనను చూస్తుందన్నట్టు.

యుద్ధం మొదలవబోతోందన్న వారంలో పేపర్లో ఒక పటం వేశారు. ఇరాకు మీద ఎర్రటి చుట్టు, అందులోంచి బాణం గుర్తులు. విషవాయువు వాడే అవకాశం లేకపోలేదని కొందరు నిపుణులు అనుమానిస్తున్నారని కింద రాశారు. రామసుబ్బమ్మ నిపుణులనూ అనుమానాన్నీ పక్కన పెట్టి చదివింది.

"విషగాలి వదుల్తారంట. పీల్చినోళ్లు పీల్చినట్టే పడిపోతారంట."

కట్టెలన్నీ ఆగాయి. ఆంజినమ్మ చేతిలో చింతకాయ అట్లాగే ఉంది.

"ఆ గాలి మా వనజ ఉండే తావుకు వస్తాదా, రామసుబ్బీ?"

రామసుబ్బమ్మ పటం చూసింది. ఒక బాణం కువైటు వైపే ఉంది. తెలియదని చెప్పడం ఆమెకు చేతకాని పని.

"గాలికి అడ్డమేముండాది వదినా. వస్తాది."

తిమ్మమ్మ అని ఒకామె ఉంది, దేన్నీ ఊరికే పోనివ్వదు. "నీకెట్ల తెలుసు? నువ్వేమన్నా ఆ గాలికి టికెట్టు కొట్టినావా?" అన్నది.

"పేపర్లో ఉండాది గదమ్మే. నువ్వు చదువు పో."

తిమ్మమ్మకు చదువు రాదు. ఆ రోజు తిమ్మమ్మ పిడికిలి కూడా నిండుగానే పడింది.

యుద్ధం మొదలైన మూడోనాడు వనజాక్షే ఫోను చేసింది, శుక్రవారం కాకపోయినా. ఆంజినమ్మ వెంట రామసుబ్బమ్మ కూడా పోయింది. ఫోనులో మాట పక్కనున్నవాళ్లకు కూడా వినపడుతోంది.

"అమా, ఈడేమీ లేదు. అప్పుడప్పుడు సైరను మోగుతాది, అందరం సామాన్ల గదిలోకి పోతాము, మళ్లా వస్తాము. కిటికీలకి టేపు అంటించినారు. అంతే. మీరు ఊరికే భయపడొద్దండి. ఇంగ నాలుగు నెల్లు, ముగించుకోని వస్తా."

ఆ మాట వింటూనే ఆంజినమ్మ కళ్లు అంగడిలో ఆదెప్ప పెట్టుకున్న టీవీ మీద ఉన్నాయి. చీకట్లో పచ్చటి మెరుపులు, ఏవో ఇండ్లు మండుతున్నాయి. కోటు వేసుకున్న మనిషి గుక్క తిప్పుకోకుండా ఏదో చెబుతున్నాడు. అది ఏ ఊరో ఆంజినమ్మకు తెలియదు. కానీ ఫోను పెట్టేసి, "నేను భయపడతానని దాచిపెడతాండాది" అన్నది. కూతురు నేను బాగున్నానంటే తల్లి నమ్మలేదు. ముక్కూ మొహం తెలియనివాడు టీవీలో చెబితే నమ్మింది. రామసుబ్బమ్మ కూడా తల ఊపింది. ఆ తల ఊపినందుకు తర్వాత చాలాకాలం ఆమెకు మనసులో మనసు లేదు.

పిల్లను పిలిపించుకోవాలి. ఎట్లా? ఒప్పందం మధ్యలో సేటు పంపడు. ఇంట్లో చావు జరిగితే తప్ప పంపరని ఆ దేశం పోయివచ్చిన వాళ్లందరూ చెప్పే మాటే. మరునాడు కొట్టంలో రామసుబ్బమ్మ ఆ మాట ఎత్తింది.

"తల్లి పోయిందని తంతి ఇస్తే?"

ఆంజినమ్మ ఉలిక్కిపడింది. "యామే, నన్ను చంపేకి నువ్వుండావా?"

"బతికుండేటోళ్లని పోయినారంటే ఆయుసు పెరుగుతాది వదినా. మా నాయనకి అట్లే ఒగసారి పోయినాడని కబురొచ్చె. ఆ మీదట పద్దెనిమిదేండ్లు బతికినాడు."

ఆ నమ్మకం ఆ ఊళ్లో అందరికీ ఉన్నదే. ఇద్దరు ముగ్గురు నిజమేనన్నారు. తిమ్మమ్మ మాత్రం కట్టె ఆపకుండా, "ఆ ఆయుసులో నాకొక రెండేండ్లు ఇయ్యి ఆంజినక్కా, నేను ఈ కట్టె పట్టుకోని యాడికి పోయేది" అన్నది. ఆంజినమ్మ నవ్వింది. నవ్వి, "అట్లయితే రాయించు" అన్నది.

సేటు ఇంటి అడ్రసు కాగితం పట్టుకుని ఇద్దరూ బస్సెక్కి కదిరికి పోయారు. టెలిగ్రాం ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండానే, "పోయినామె మీకేం కావాలమ్మా?" అని అడిగాడు.

"వదిన" అన్నది రామసుబ్బమ్మ.

"ఎన్నేండ్లుంటాయి?"

"అర్వై." ఆ వయసు తంతికి అవసరం లేదు. ఊరికే అడిగాడు పాపం, మర్యాదకు.

పక్కన నిలబడిన ఆంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందేమోనని రామసుబ్బమ్మ ఓరగా చూసింది. కాదు, ఏడుస్తోంది. తన చావు కబురు తన కళ్లముందు కాగితం మీదికి ఎక్కుతుంటే నిజంగానే ఏడుపొచ్చింది. గుమాస్తా ఆ ముసలామెకు కూర్చోమని బెంచీ చూపించాడు.

ఇంక వనజాక్షి రావడమే తరువాయి అనుకున్నారు. వారమైనా రాలేదు. ఏప్రిల్ మొదటి శుక్రవారం ఆంజినమ్మ తలంటుకుని ఆదెప్ప అంగడి ముందు కూర్చుంది. పొద్దు వాలేదాకా కూర్చుంది. ఫోను మోగలేదు.

"లైన్లు తెగిపోయింటాయిలేమ్మా" అన్నాడు ఆదెప్ప.

ఆంజినమ్మను వెంటబెట్టుకుని ఇంటికి పోయే దోవలో రామసుబ్బమ్మకు తట్టింది. లైన్లు తెగలేదు. వనజాక్షి ఎవరికని ఫోను చేస్తుంది? తల్లి కోసం చేసేది. తల్లిని తామే చంపేశారు.

ఆ మాట ఆమె ఆంజినమ్మతో అనలేదు. కొట్టంలో చదవడం మాత్రం ఆపలేదు. ఏదో ఒక రోజు వనజాక్షి ఉండే ఊరి పేరు, వీధి పేరు పేపర్లో కనపడుతుందేమోనని అక్షరం అక్షరం వెతికేది. ఇంతలో యుద్ధం అయిపోయిందన్నారు. ఆ దేశాన్ని ఏలినవాడి పెద్ద బొమ్మను తాళ్లు కట్టి పడగొట్టిన ఫోటో వేశారు. ఆ తర్వాత పేపరు వేరే సంగతుల్లో పడిపోయింది. కొట్టంలో ఆడవాళ్లు కూడా. బుట్టలో పిడికిళ్లు మళ్లీ సన్నబడ్డాయి. ఆంజినమ్మ ఒక్కతే ప్రతి మధ్యాహ్నం, "కువైటు గురించి ఏమన్నా ఉండాదా?" అని అడిగేది. విషగాలి వచ్చిందని గానీ రాలేదని గానీ ఎక్కడా రాయలేదు. వస్తుందని రాసినవాళ్లకు, రాలేదని రాసే ఓపిక ఉండదని అప్పుడు తెలిసింది రామసుబ్బమ్మకు.

ఏప్రిల్ చివర్లో పక్క ఊరి డ్రైవరు మారుతి కువైటునుంచి వచ్చాడు. చింతపండు కొట్టానికే నేరుగా వచ్చి, రామసుబ్బమ్మ ఎవరని అడిగి, ఒక క్యాసెట్టు చేతిలో పెట్టాడు. రాయడం రానివాళ్లు అక్కడినుంచి అట్లా మాటలు పట్టి పంపడం మామూలే. "వనజాక్షక్క ఇచ్చింది. తల్లి పోయినందుకు శానా దిగులుగా ఉండాది" అన్నాడు, ఎదురుగా కూర్చున్న ఆంజినమ్మ ఎవరో తెలియక.

తిమ్మమ్మ ఇంటికి పోయి టేపు రికార్డరు తెచ్చింది. మీట నొక్కారు. ముందు ఏదో అరబ్బీ గొంతు, గిన్నెల చప్పుడు. తర్వాత వనజాక్షి.

"రామసుబ్బత్తా, ఇది నీకే పంపిస్తాండా. ఇంగ ఆ ఇంట్లో ఎవురుండారని పంపేది. తంతి వచ్చినప్పుడు పోతానని మేడం కాళ్లు పట్టుకున్నా. యుద్ధం అయిపోనీ అన్నారు. పదకొండో దినం నేనే బెల్లమన్నం వండి, నాకు తోడుండే సిలోను పిల్లకీ, ఈజిప్టు వంటామెకీ పెట్టినా. అమ్మది పచ్చచీర తెచ్చుకోనింటి గదా, అమ్మ పేరు చెప్పి ఆ పిల్లకి ఇచ్చేసినా.

"ఈ ఇంట్లో రెండు టీవీలుండాయత్తా. పైన టీవీలో జనాలు సైన్యానికి పూలు పట్టుకోని ఎదురొచ్చినారంటారు. మేడం సంతోషపడతాది. పన్నెండేండ్ల ముందు ఇరాకోళ్లు వచ్చి ఆమె అన్నని పట్టుకపోయినారంట, మళ్లా రాలేదంట. ఆమె బాధ ఆమెది. కింద వంటింట్లో చిన్న టీవీలో సచ్చిపోయిన పిల్లోళ్లని చూపిస్తారు. వంటామె గుండెలు కొట్టుకుంటాది. నేను టీ తీసుకోని పైకి పోతే గెలుపు, గ్లాసులు తీసుకోని కిందికొస్తే చావు. ఒగటే ఊరు, ఒగటే దినం. ఏది నిజమో నాకు తెలీలా. ఇవన్నీ పరాయోళ్ల మాటలు, నాకు మన ఊరినుంచి వచ్చిందొకటే నిజం అనుకున్నా.

"అత్తా, నువ్వు చదువుకున్నదానివి. కడాకు అమ్మ ఏమన్నింది? నోట్లో నీళ్లు ఎవురు పోసినారు? నన్ను అడిగిందా? రవ్వంత గూడా దాచొద్దు. నువ్వు చెప్పేదే నేను నమ్మేది."

ఆ తర్వాత మాటల్లేవు, ఏడుపే. టేపు చివరిదాకా ఏడుపే. మీట దానంతటదే పైకి లేచింది. మారుతి ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. బతికుండి తన శోకం తాను విన్న మనిషిని ఏమని పలకరించాలో ఎవరికీ తెలియలేదు.

ఆంజినమ్మే అన్నది. "ఆ పచ్చచీర ఇచ్చేసిందంట."

తిమ్మమ్మ క్యాసెట్టు తీసి రామసుబ్బమ్మ చేతిలో పెట్టింది.

మారుతి దగ్గర సేటు ఇంటి ఫోను నంబరు ఉంది. ఆ రోజే ఆదెప్ప అంగడిలో రామసుబ్బమ్మ ఫోను తిప్పించింది. వనజాక్షి గొంతు వినగానే ఫోను ఆంజినమ్మకు ఇచ్చేసింది.

"వనజా, నేనే. మీ అమ్మని."

అటువైపునుంచి వనజాక్షి నింపాదిగా, "ఎవురమ్మా నువ్వు?" అన్నది.

"అమ్మనే, నేను పోలేదు. బాగుండా."

"రామసుబ్బత్తకి ఇయ్యి."

రామసుబ్బమ్మ తీసుకుంది. "అత్తా, ఆమె ఎవురు? నేను దిగులు పడతాండానని ఎవురినో పెట్టి మాట్లాడిస్తాండావా?"

"లేదమ్మా. మీ అమ్మే. తంతి నేనే ఇప్పించినా. నిన్ను పంపిస్తారని. అది అబద్ధం."

"అది అబద్ధమైతే ఇది నిజమని నేనెట్ల నమ్మేది?"

ఆంజినమ్మ ఫోను లాక్కుని, తన కాలిమీద పాలు పడి కాలిన మచ్చ సంగతి చెప్పింది, చిన్నప్పుడు వనజాక్షిని మేక పొడిచిన సంగతి చెప్పింది. "అవి ఊర్లో అందరికీ తెలుసు" అన్నది వనజాక్షి. గొంతులో కోపం లేదు, అలుపు తప్ప. "మేడం పిలుస్తాండాది. నాలుగు నెల్లు... ఇంగ మూడు నెల్లే ఉండాది. వచ్చి నా కండ్లతో చూసుకుంటాను." ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత ఆమె చేయలేదు. వీళ్లు చేస్తే, పనిలో ఉందని ఎవరో అరబ్బీలో ఏదో చెప్పి పెట్టేసేవాళ్లు. ఆంజినమ్మ మే నెల, జూన్ నెల అట్లాగే గడిపింది. జూన్‌లో వాన పడి శెనక్కాయ విత్తారు. తర్వాత వాన మొహం చాటేసింది. మొలిచినది మొలిచినట్టే వాడింది. రామసుబ్బమ్మ ఎప్పుడూ లేనిది ఎవరింటికీ పోకుండా తన ఇంట్లోనే ఉండిపోయింది. ఏం తెలుసుకోవాలన్నా భయమేసింది.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం వనజాక్షి బస్సు దిగింది. ఆంజినమ్మ బస్సు నిలిచే చోటే ఉంది, పది రోజులుగా ప్రతి బస్సుకూ ఉంటున్నట్టే. రామసుబ్బమ్మ ఆదెప్ప అంగడి పందిరి గుంజ వెనకనుంచి చూసింది. పరిగెత్తుకు వచ్చి వాటేసుకుంటుందనుకుంది. వనజాక్షి పెట్టె కిందపెట్టి, తల్లి ముందు గొంతుకూర్చుని, చీర కుచ్చిళ్లు కాస్త జరిపి పాదం మీది మచ్చ చూసింది. వేలితో ఒకసారి తడిమింది. లేచి, "చిక్కిపోయినావు" అన్నది. పెట్టె తీసుకుని ఇంటి దోవ పట్టింది. ఆంజినమ్మ వెనకాలే నడిచింది.

రెండు రోజుల తర్వాత వనజాక్షే రామసుబ్బమ్మ ఇంటికి వచ్చింది. తిడుతుందనీ, తిడితే బాగుండుననీ రామసుబ్బమ్మ ఎదురుచూసింది. వనజాక్షి అరుగుమీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగింది.

"అత్తా, అమ్మ లేదని దినాలు చేసి, లేనట్టే బతికేది నేర్చుకుంటిని. ఇప్పుడు ఉండాది. సంతోషపడల్ల గదా. రాలేదు. ఆ సంతోషం యాడికి పోయిందో నాకే తెలీలా." చెంబు కింద పెట్టింది. "మెల్లగా వస్తాదేమోలే."

"తప్పు నాదేనమ్మా" అన్నది రామసుబ్బమ్మ.

"నువ్వూ నమ్మినావు గదత్తా, అందరి మాదిరే" అని లేచి వెళ్లిపోయింది.

మరుసటి ఏడు శివరాత్రి దాటింది. కొట్టంలో చింతపండు గుట్ట పడింది. వనజాక్షి కూడా తల్లి పక్కన రాయి పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం పేపరు వచ్చింది. రామసుబ్బమ్మ తీయలేదు.

"చదవవా యేమి?" అన్నది తిమ్మమ్మ. "ఊరికే కట్టె చప్పుడు వినలేక చస్తాండాము."

"ఎవురో ఒకరితో చదివించుకోండి."

"చదువత్తా" అన్నది వనజాక్షి, తల దించుకునే.

చదివింది. ఏదో దేశంలో బాంబు పేలింది, నలభై మంది పోయారు. వనజాక్షి కట్టె ఆపి అడిగింది. "ఎవురు చూసినారంట?"

రామసుబ్బమ్మ మళ్లీ మొదటినుంచి వెతికింది. "చూసినోళ్ల పేరు లేదు. వర్గాలు తెలిపినాయని ఉండాది."

"ఆ వర్గాలు ఎవురో?"

"రాయలేదమ్మా. నాకు తెలీదు."

తెలీదన్న మాట ఆమె నోట కొట్టం వినడం అదే మొదలు. అట్లా చదివితే కన్నీళ్లు రావు, గుండెలు అదరవు. పిడికిళ్లు సన్నగానే పడ్డాయి. కొన్ని అసలు పడలేదు. ఆ తర్వాత రెండు మూడేళ్లకు తిమ్మమ్మ ఇంట్లో, ఇంకో రెండిళ్లలో పగలూ రాత్రీ వార్తలు చెప్పే టీవీలు వచ్చాయి. పనికి వచ్చేటప్పటికే అందరి దగ్గరా తలా ఒక సంగతి, తలా ఒక కోపం సిద్ధంగా ఉండేవి. రామసుబ్బమ్మ పేపరు వినేవాళ్లు చివరికి ఇద్దరే మిగిలారు. చదివి, మడిచి, పిర్ర కింద పెట్టుకునేసరికి ఆంజినమ్మ రోజూ అదే మాట అడిగేది.

"నేను చచ్చిపోయినట్టు యాడన్నా రాసినారా?"

"ఈపొద్దు రాయలేదు వదినా."

"అయితే కట్టె పట్టు."

వనజాక్షి ఒక పిడికిలి పండు తీసి, ఎక్కువా కాదు తక్కువా కాదు, అత్త బుట్టలో వేసేది.